బాబాయి వంతు

మావారి ఫోను టింగుమంది. తెర మీద నీలం వజ్రం మెరిసింది. ఇక నుంచి ఆయన కార్ల యాప్‌లో డైమండ్ పార్ట్‌నర్. ఏ బేరమైనా ముందు ఆయనకే మోగుతుందట.

"మెళ్లో లేకపోయినా ఫోన్లో ఉందిలే వజ్రం" అని నవ్వాను. మిఠాయి డబ్బా కొనుక్కుని, నేను కుట్టిన పువ్వుల కవర్లున్న ఆయన కారు ముందు సీట్లో మహారాణిలా కూర్చుని, స్టేషన్ బయటి కార్ల స్టాండుకు వెళ్లాను.

ఆ స్టాండుకు యాప్ రాకముందు నుంచీ ఒక కట్టు ఉంది. ముందొచ్చిన బండికి ముందు బేరం. యాప్ వచ్చాకా దాన్ని వదల్లేదు. వరసలో మొదటివాడి ఫోను ఒక్కటే తెరిచి ఉంటుంది, మిగతావాళ్లు ఆపేసుకుంటారు. షేరింగ్ ఎకానమీ అంటే పంచుకునే ఆర్థిక వ్యవస్థ అని కాలేజీలో పరీక్ష రాశాను. పంచుకోవడం మాత్రం అక్కడే చూశాను.

ఆ రోజు మొదటి బండి బాబాయిది. స్టాండులో అందరికీ పెద్ద. ఏసీ వేస్తే పెట్రోలు దండగని, మండుటెండలో అద్దాలు దించుకుని కూర్చున్నాడు.

మావారి ఫోను మోగింది. ఆపితే వజ్రం పోతుందని ఆయన ఆపలేదు.

"పెళ్లయ్యాక వరస మరిచిపోయావేరా?" అన్నాడు లాయరు. అతనూ డ్రైవరే. చదివింది ఏడో తరగతే, వాదిస్తాడని ఆ పేరు.

"పోనీరా, కొత్త కాపురం. వెళ్లిరా అబ్బాయ్" అన్నాడు బాబాయి.

మావారు వెళ్లారు. తిరిగొచ్చీ రాగానే మళ్లీ మోగింది, మళ్లీ వెళ్లారు. బాబాయి ఫోను మోగనే లేదు. నేనిచ్చిన మిఠాయి సగం కొరికి, "తీపి బాగుందమ్మాయ్, నీళ్లున్నాయా?" అన్నాడు. నీళ్లకు వెళ్లాను.

వెనక హారన్ మోగింది. ఆగలేదు.

"బాబాయికి బేరం తగిలిందిరోయ్" అని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

లాయరు తలుపు తీసి, స్టీరింగు మీద నుంచి బాబాయి తల ఎత్తాకే హారన్ ఆగింది. మిఠాయి ముక్క ఇంకా చేతిలోనే ఉంది. అప్పుడు బాబాయి ఫోను టింగుమంది: 'మీరు చురుగ్గా లేరు. మీ ఐడీ నిలిపివేశాం.'

కబురు తెలిసి యాప్ కంపెనీ మనిషి వచ్చాడు. శవం వైపు చూడలేదు.

"ఆయన మా ఉద్యోగి కాదు, భాగస్వామి. బండి పక్కకు తియ్యండి, కస్టమర్లు భయపడతారు."

"భాగం దేంట్లో సారూ? చావులోనేనా?" అన్నాడు లాయరు.

అతను బండెక్కి పోయాడు. అంతలో మావారు వచ్చారు. చేతిలో ఫోను మోగుతూనే ఉంది. ఆయన నా వైపు చూశారు.

"ఆపెయ్" అన్నాను.

వజ్రం ఆరిపోయింది.

"వరసలో చోటుందా అన్నా?" అని అడిగారు.

"చివర్న ఉంది. పో."

శవాన్ని ఇంటికి చేర్చి వచ్చి, లాయరు బానెట్ ఎక్కాడు. "రేపు పొద్దున్న ఊళ్లో ప్రతి స్టాండూ ఫోన్లు ఆపేస్తుంది. బళ్లన్నీ వరసగా కంపెనీ గేటుకి. వంతు ఎవరిదో తేల్చేది ఇక యాప్ కాదు, మనం."

"బాబాయి బండి ఎవరు నడుపుతారు?" అన్నాను.

"ఎవరూ ఎక్కరమ్మా. తోసుకుంటూ తీసుకెళ్తాం. మొదటి వంతు ఆయనదే."