నీళ్లు కూడా ఇవ్వరాదు

“వెలుగు లేదు, చప్పుడు లేదు. ఇది బతికుందో చచ్చిందో మనకెట్టా తెలిసిద్ది సిస్టరమ్మా?”

బిడ్డను ఇంకా మంచం మీద పడుకోబెట్టకముందే తిరుపతమ్మ అన్న మాట ఇది. అన్నది నన్ను చూసే. సిస్టర్ నవ్వి, అది అట్లాగే ఉంటుందిలే అంది. నవ్వేవాళ్లకేం, నవ్వుతారు.

నేను ఒక ఎలక్ట్రానిక్ కాగితాన్ని. పేరులో కాగితం ఉంది గానీ నాలో గుజ్జూ లేదు, పీచూ లేదు. పిల్లలు బడికి తీసుకుపోయే పలకంత ఉంటాను. ఇప్పుడు ఆస్పత్రి వెనక సామాన్ల గదిలో, విరిగిన సెలైన్ స్టాండ్ల మధ్య పడి ఉన్నాను. నా ముఖం మీద మూడే మూడు మాటలు మిగిలాయి. వాటిని తలుచుకుంటే నాకే ఒళ్లు జలదరిస్తుంది.

నన్ను తయారుచేసిన చోట గాలిని కూడా వడగట్టి లోపలికి వదిలేవారు. కళ్లు తప్ప ఏమీ కనపడని తెల్ల ముసుగుల్లో మనుషులు వచ్చిపోయేవారు. మనిషంటే శుభ్రమైన ప్రాణి అని అక్కడే భ్రమపడ్డాను. నా చర్మం కింద కంటికి ఆనని బుడగలు లక్షల కొద్దీ పరిచారు. ప్రతి బుడగలోనూ నూనె లాంటి ద్రవం, అందులో తేలే తెల్లపొడి, నల్లపొడి. తెల్లదానికి ఒక రకం విద్యుదావేశం, నల్లదానికి దానికి ఎదురుది. వెనక నుంచి కరెంటు ఒక తీరున తోస్తే తెల్లపొడి పైకొచ్చి నల్లది అడుగుకు పోతుంది. తిప్పి తోస్తే నల్లది పైకొస్తుంది. ఎక్కడ నలుపు తేలాలో, ఎక్కడ తెలుపు నిలవాలో చుక్క చుక్కకూ చెబితే అక్షరం పుడుతుంది. ఒకసారి పైకొచ్చిన పొడి మళ్లీ ఎవరైనా తోసేదాకా అక్కడే ఉంటుంది, దానికి కరెంటుతో పనిలేదు. మాట మార్చేటప్పుడే నాకు తిండి. మాట మీద నిలబడటానికి ఉపవాసం చాలు. అందుకే బిళ్లంత బ్యాటరీతో ఏళ్లు గడిపేస్తాను. టీవీకి ఉన్నట్టు నాలో దీపం లేదు. గదిలో ఉన్న వెలుతురునే తిరిగి ఇస్తాను, ఎండలో చదివినా కళ్లు మండవు. చీకట్లో మాత్రం నేనూ గోడా ఒకటే.

నా తోబుట్టువుల్లో అదృష్టవంతులు పుస్తకాలు చదువుకునే పరికరాల్లో చేరి మెత్తటి వేళ్ల మధ్య కథలు మోస్తున్నారట. కొందరు బస్టాపుల్లో నిలబడి రాని బస్సుకు వేళ చెబుతున్నారు. నా రాత సూపర్ మార్కెట్టుకు పోయింది. మిఠాయిల అరకు తగిలించారు. ఎన్నడూ లేని పాత ధర ఒకటి పుట్టించి, దాన్ని కొట్టేసి, పక్కన ‘తగ్గింపు’ అని నా ముఖం మీదే రాయించేవారు. జనం పాకం అంటిన వేళ్లతో నన్ను పొడిచి చూసేవారు. ఒకాయన ముక్కు తుడుచుకున్న చేత్తోనే నన్నూ తుడిచాడు. ఆ కొట్టు మూతపడ్డాక పల్నాడులోని ఈ చిన్న ప్రైవేటు ఆస్పత్రి నన్ను కొనుక్కుంది. హమ్మయ్య, రోగులుండే చోటు, శుభ్రంగా ఉంటుంది అనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని.

మంచం తలాపున గోడకు బిగించారు. ఆ గోడ మీద మరక కడగకుండానే సున్నం వేశారు. పైన బల్లి, కింద నిన్నటి పెరుగన్నం. రోగిని చూడవచ్చినవాళ్లు కిళ్లీ నోటితో నా అక్షరాలు గట్టిగా చదివి తుంపర్లన్నీ నా మీదే చల్లేవారు. ఒకావిడ నాకు విబూది పెట్టి దండం పెట్టుకుంది. రోగం ఎవరిదో ఊరంతా తెలియకూడదని నా మీద పేర్లు ఉండనిచ్చేవారు కాదు. మంచం నంబరు, ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో, అంతే. సిస్టర్ తన గదిలో కంప్యూటర్లో కొడితే, నడవాలో ఉన్న తెల్ల డబ్బా ఆ కబురును గాలిలోంచి నాకు చేరవేసేది. నేను నల్లగా, తెల్లగా రెండు మూడుసార్లు మారి కొత్తమాట చూపించేదాన్ని.

తిరుపతమ్మ రాకముందు ఆ మంచం మీద కడుపు ఆపరేషనైన ఒకావిడ ఉండేది. ఆవిడ కోసం నా మీద రాసింది ‘నీళ్లు కూడా ఇవ్వరాదు’. ఆవిణ్ణి పెద్దాసుపత్రికి మార్చారు. ఆ పొద్దునే ఎవరో కాఫీ కెటిల్ పెట్టుకోవడానికి నడవాలోని తెల్ల డబ్బా ప్లగ్గు పీకారు. కాఫీ తాగారు. ఎంగిలి గ్లాసు కిటికీలో వదిలేశారు. ప్లగ్గును కూడా అట్లాగే వదిలేశారు.

అప్పుడే తిరుపతమ్మ ఆరేళ్ల అఖిలను భుజాన వేసుకుని వచ్చింది. రాత్రి నుంచీ వాంతులు, విరేచనాలు. డాక్టరు చూసి, భయం లేదు, ఓఆర్‌ఎస్ నీళ్లు కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండమని సిస్టర్ సుగుణకు ఇంగ్లీషులో చెప్పి ఆపరేషను గదిలోకి వెళ్లిపోయాడు. సుగుణ ఆ మాట కంప్యూటర్లో కొట్టింది. ఏం చెయ్యాలో బోర్డు మీద వస్తుంది, చూసుకోమని తల్లికి చెప్పి తన దారిన తాను పోయింది. నాకు కబురే రాలేదు. నా పొడి నలుసంతైనా కదల్లేదు.

తిరుపతమ్మ ఏడో తరగతి దాకా చదివింది. నా మీది మాటల్ని కూడబలుక్కుని చదివి నీరుగారిపోయింది. అసలే ఆమెకు భయం తోడబుట్టింది. ఫ్యాను తిరిగితే ఊడి పడుతుందేమో, తిరగకపోతే బిడ్డకు ఉడకపోస్తుందేమో. చూసేకొద్దీ నాకు చిరాకు పుట్టింది. కానీ ఆ గదిలో నన్ను శ్రద్ధగా చదివింది ఆమె ఒక్కతే.

పిల్ల నీళ్లడిగింది. వద్దమ్మా, ఇయ్యకూడదంట అని తల్లి బుజ్జగించింది. పిల్ల మళ్లీ అడిగింది. తల్లి తడిగుడ్డతో పెదవులు అద్దబోయి, ఆ తడి లోపలికి పోతుందేమోనని చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్క మంచం దగ్గర, కాలు విరిగిన మొగుడికి విసురుతూ కూర్చున్న ఆదెమ్మకు ఒళ్లు మండింది.

“ఏందే, పిల్ల నోరు పిడచగట్టుకపోతంటే గోడ వంక చూస్తావు? ఆ గోడ కన్నదా దాన్ని?”

తిరుపతమ్మ వాళ్ల వీధిలో ఒకతనికి ఆపరేషనైన రోజునే చాటుగా నీళ్లు తాపితే తెల్లారేసరికి పోయాడట. అది చెప్పి ఏడ్చింది. తనకు తెలియని పుండేదో బిడ్డ కడుపులో ఉందని, అది తనకు చెప్పకుండా దాస్తున్నారని కూడా అనుకుంది. రెండుసార్లు సుగుణ దగ్గరికి పరిగెత్తింది. రెండోసారి సుగుణ చెవి నుంచి ఫోను తియ్యకుండానే జవాబిచ్చింది.

“బోర్డు మీద ఏముంటే అది చెయ్యి తల్లీ. అందుకే గదా పెట్టింది.”

అదీ కథ. సిస్టర్ నన్ను నమ్మింది, తల్లి సిస్టర్‌ను నమ్మింది. నా వంక తలెత్తి చూసి, ఈ పిల్లకు ఈ మాటేమిటి అని అడిగినవాడు లేడు. అప్పటిదాకా మనుషుల ఎంగిలి చూసి రోసేదాన్ని. ఆ పూట నా ముఖం చూసి రోసాను. కడుపునిండా ద్రవం పెట్టుకుని, దాహంతో ఉన్న పసిదానికి నీళ్లు వద్దని చెబుతున్నాను.

ఎండ కిటికీ ఎక్కేసరికి పిల్ల అడగడం మానేసింది. ఏడవడమూ మానేసింది. కళ్లు లోపలికి పోయాయి. తిరుపతమ్మ పిలిచింది. పలకలేదు. బుగ్గలు తట్టింది. పలకలేదు. ఆదెమ్మ సిస్టర్ కోసం కేకలేస్తూ బయటికి పోయింది.

తిరుపతమ్మ బిడ్డను చూసింది, నన్ను చూసింది. ఆమెకున్న రెండు భయాలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. ఏ భయం పెద్దదో తేల్చుకోవడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. లేచి, భుజం మీది తువ్వాలు తీసి నా ముఖం మీద కప్పింది.

“నువ్వు చెప్పిందే నిజమైతే ఆ పాపం నాకే తగలనీ.”

ఆ తర్వాత నాకు చూపు లేదు. చెంచా గ్లాసుకు తగిలిన చప్పుడు వినపడింది. పిల్ల తలను ఒళ్లోకి ఎత్తుకున్నట్టుంది, మంచం కిర్రుమంది. మింగమ్మా, మింగు నాయనా అని గొణుగుడు. కాసేపటికి చిన్న గుటక చప్పుడు. ఇంకొకటి.

పరుగెత్తుకొచ్చిన అడుగులు. డాక్టరు గొంతు, సెలైను తెమ్మని. పొద్దుట్నుంచీ ఏం తాగించావని తిరుపతమ్మను అడిగాడు. కంప్యూటర్లో తాగించమనే కొట్టాను సార్ అని సుగుణ అంది. ఎవరో తువ్వాలు లాగారు. డాక్టరు నన్ను చదివాడు. సుగుణ నన్ను చదివింది. ఆస్పత్రిలో నన్ను ఇంతమంది ఒక్కసారిగా చదవడం అదే మొదలు. వాళ్ల వెనకే వచ్చిన ఆదెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సెలైను చుక్క చుక్కగా దిగుతోంది. సుగుణ ఓఆర్‌ఎస్ కలిపి పక్కన పెట్టింది. తిరుపతమ్మ ఎవర్నీ తిట్టలేదు, వాళ్లవంక చూడనైనా లేదు. బిడ్డ అరికాళ్లు రుద్దుతూ పేరు పెట్టి పిలుస్తోంది. గొంతు బొంగురుపోయినా పిలుస్తోంది. నడవా చివరి మంచాల వాళ్లు కూడా లేచి వచ్చి నిలబడ్డారు. కిటికీలో ఎండ గోడ దిగి నేల మీదికి జారింది. ఆమె ఆపలేదు.

“అఖిలా. అమ్మా అఖిలా. అమ్మనే. పలకవే.”

పిల్ల కనురెప్పలు కదిలాయి. పొడి పెదవులు ఒకదాన్నుంచి ఒకటి ఊడివచ్చాయి.

“వినపడతందమ్మా. అరవమాక.”