వీపు మీది అంకె

మంచుకు రుచి ఉంటుంది.

చెంప ఆనించి పడుకున్నవాడికే తెలుస్తుంది ఆ రుచి. తుప్పు రుచి. పళ్ళ సందుల్లోంచి ఊరే ఇనుము రుచి. చెంప కింద చలి కాదు — మంట. చెవిలో మోత కాదు — మోత ఆగిపోయాక మిగిలే సన్నని ఈల...

రెమీ లాకాస్ మంచు మీద బోర్లా పడి ఉన్నాడు.

మంచు చుట్టూ కట్టిన గోడ, అద్దాల అవతల రెడ్‌స్టోన్ ఊరు ఊరంతా లేచి నిలబడింది. గనుల్లోంచి నేరుగా వచ్చినవాళ్ళు, బూట్లకు ఇంకా బురద ఉన్నవాళ్ళు, కాఫీ కప్పులు పట్టుకున్నవాళ్ళు.

డిసెంబరు. ఐస్ హాకీ ఆట, మూడింట్లో రెండో పీరియడ్. పక్ మూలకు జారింది. అరచేతిలో పట్టే నల్లటి రబ్బరు బిళ్ళ, అంతే. దాని కోసం వెళ్ళి గోడ వైపు తిరిగి వంగాడు. వీపు మీద పందొమ్మిది అంకె — తెల్లగా, పెద్దగా, మంచు తుపానులో కూడా కనపడేంత.

ఈ ఆటలో పిల్లలకు మొట్టమొదట నేర్పేది అదే. ఎదురుగా వచ్చేవాణ్ణి గుద్దు. భుజంతో గుద్దు, తుంటితో గుద్దు, గోడకేసి నొక్కు. ఎవరూ ఏమీ అనరు. అంకె కనబడితే మాత్రం ఆగు.

గార్త్ పెల్కీ ఆగలేదు.

పోర్ట్ హార్లో జట్టులో వెనక వరస కాసేవాడు పెల్కీ. పేరుకు కాపలా. పనికి గొడ్డలి. దూరం నుంచి పరుగు తీసి వచ్చాడు. అంకె చూశాడు. చూసి కూడా వచ్చాడు.

గోడ. అద్దం. మంచు.

రెమీ లేచాడు.

ఈ ఊళ్ళో పడ్డవాడు లేస్తాడు. గనిలో నెత్తిన రాయి పడ్డా లేస్తాడు. లేవకపోతే రెండే అర్థాలు — చచ్చాడు, లేదా నటిస్తున్నాడు. రెండోదే పెద్ద అవమానం.

అతను లేవగానే జనం గర్జించారు. జట్టువాళ్ళు కర్రలతో గోడ బాదారు. బెంచీ దగ్గర శిక్షకుడు మొహంలో మొహం పెట్టి చూశాడు.

“మనం ఏ ఊళ్ళో ఉన్నాం?”

“రెడ్‌స్టోన్.”

ఎదుటి గోడ మీద నిలువెత్తు అక్షరాలతో రాసే ఉంది.

“గెలుస్తున్నామా?”

“ఒక గోల్ వెనక.”

అదీ నెత్తిమీద బోర్డులో వెలుగుతూనే ఉంది.

“భేష్. వెళ్ళు.”

వెళ్ళాడు. మూడో పీరియడ్ మొత్తం ఆడాడు. ఆడాడట. తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

ఊరి చివర సరస్సు గడ్డకట్టింది. గట్టిగా, తెల్లగా, దున్నేసిన పొలంలా మంచు కప్పుకుని. దాని మీద లారీలు తిరుగుతున్నాయి. పైన ఏమీ కనబడదు. కింద ఎక్కడో చీలిక బయలుదేరుతుంది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మూలుగుతూ పోతుంది...

రెమీ తలలో అలాంటిదే ఏదో బయలుదేరింది.

తెల్లారేసరికి వెలుతురు కత్తి అయింది. కిటికీలకు దుప్పట్లు కట్టారు. బకెట్టు మంచం పక్కకు వచ్చింది. లీగ్‌లో శిక్షలు వేసే ఆఫీసు తీర్పు ఫోనులోకి వచ్చింది. రెమీ తెర వైపు చూడలేడు. భార్య మిరెయి చూసింది.

“చదువు,” అన్నాడు.

“వద్దు. వింటే మళ్ళీ కక్కుతావు.”

“చదువు, మిరెయి.”

టై కట్టుకున్న ఒకప్పటి ఆటగాడు చెప్పిన మాటలు, ఆమె గొంతులో, రాళ్ళు ఏరిపోసినట్టు. వెనక నుంచి తగిలిన దెబ్బే. అంకె స్పష్టంగా కనబడుతోంది. అయితే, దెబ్బ తిన్న ఆటగాడు అదే ఆటలో తిరిగి వచ్చి ఆడాడు. గాయమైనట్టు ఆధారం లేదు. పెల్కీకి రెండు ఆటల నిషేధం.

రెండు ఆటలు. జలుబు చేసినా పోతాయి రెండు ఆటలు.

“నువ్వు లేచావు చూడు,” అంది మిరెయి. “వాడికి వకీలువి నువ్వే అయ్యావు.”

“లేవకుండా ఎలా ఉంటాను?”

“కళ్ళు మూసుకుని. లోకంలో అందరూ అలాగే పడుకుంటారు.”

దెబ్బను కొలవరు. గాయాన్ని కొలుస్తారు. గాయాన్ని దాచుకున్నవాడు, కొట్టినవాణ్ణి కూడా దాచిపెట్టినట్టే. రెమీ చీకట్లో పడుకుని ఆ సంగతి నమిలాడు. మింగుడు పడలేదు. ఉమ్మలేదు.

జనవరి. చీకటి గది. బయట గాలి.

ఒకరోజు చెంచా పేరు దొరకలేదు. చేతిలో ఉంది. దాన్ని ఏమంటారో తలలో లేదు. బఠానీ సూప్ చల్లారిపోయింది. ఇంకోరోజు మిరెయి గుమ్మంలో నిలబడింది — ఆమె పేరు రావడానికి ఆలస్యమైంది. ఎంతో కాదు. ఒక గుటక వేసేంత. ఆమె కనిపెట్టింది. ఆ రోజంతా గిన్నెలు గట్టిగా పెట్టింది.

“ఇంకొక్కటి ఇలాంటిది తగిలితే మాటలు తిరిగి రాకపోవచ్చు,” అంది డాక్టరమ్మ. “రాకపోవచ్చు అని మర్యాదకు అంటున్నాను.”

అయినా ఫిబ్రవరిలో, అతను ఆడొచ్చని ఆమే సంతకం పెట్టాల్సి వచ్చింది.

దానికో కిటుకుంది. సెప్టెంబరులో, ఒంట్లో ఏమీ లేనప్పుడు, ఆటగాళ్ళందరికీ జ్ఞాపకశక్తి పరీక్ష పెడతారు. తల దెబ్బ తిన్నాక మళ్ళీ అదే పరీక్ష పెట్టి రెండూ పోల్చి చూస్తారు. పాతకాపులు సెప్టెంబరులోనే మొద్దుల్లా రాస్తారు. తెలిసిన మాట తెలియనట్టు, చూసిన బొమ్మ చూడనట్టు. చలికాలంలో నిజంగా మొద్దు అయినా తేడా కనబడకుండా. కొత్తగా జట్టులోకి వచ్చినవాడికి పెద్దవాళ్ళు ప్రేమగా నేర్పే విద్య ఇది. ప్రేమగా... గొయ్యి తవ్వుకోవడం నేర్పినట్టు.

“తేడా లేదు,” అంది డాక్టరమ్మ కాగితం చూస్తూ. తర్వాత అతన్ని చూసింది. “నేను నమ్మడం లేదు.”

అతను నవ్వాడు. నవ్వు ఒక పక్కకే వచ్చింది.

ఇప్పుడతనికి ఒకటే కావాలి.

పెల్కీ మళ్ళీ చెయ్యాలి. కెమెరాల ముందు, అంకె చూసి, వెనక నుంచి. రెండోసారికి రెండు ఆటలు ఉండవు. సీజనంతా పోతుంది. ఆ వయసువాడికి సీజన్ పోతే ఆటే పోతుంది. పెల్కీ ఇక ఎవరి తలనూ గోడకేసి కొట్టడు.

చెయ్యాలి. కానీ ఎవరి వీపు మీద?

వీపులు అద్దెకు దొరకవు.

“ఆడటానికి కాదు నువ్వు వెళ్ళేది,” అంది మిరెయి, అతను పోర్ట్ హార్లోతో ఆటకు సంచి సర్దుతుంటే.

“మరి?”

“నా పేరు చెప్పు.”

“మిరెయి.”

“మళ్ళీ చెప్పు. విని పెట్టుకుంటాను. తిరిగొచ్చాక ఉంటుందో లేదో.”

“వాణ్ణి వదిలేయమంటావా?”

“నిన్ను వదిలేయమంటున్నాను. నీ మీద నీకంత పగ ఏంటి?”

రెమీ సంచి జిప్పు లాగాడు.

బయటికొస్తే కారు తీగ ప్లగ్గులోంచి ఊడి ఉంది. ఈ చలిలో ఇంజనుకు కరెంటు పెట్టకపోతే నూనె మైనంలా గడ్డకడుతుంది. కారు దగ్గదు కూడా. మిరెయి ఊడబీకింది. దాచలేదు. తీగను చక్కగా చుట్టి, అతను తొక్కి దాటాల్సిన చోట, గుమ్మంలోనే పెట్టింది.

దాటాడు. సంచి భుజాన వేసుకుని నడిచాడు. సరస్సు మీదుగా వచ్చే గాలి మొహం కోసింది. కోయనీ.

డ్రెస్సింగు గదిలో చెమట, తోలు, టేపు వాసన.

“పెల్కీ కబురంపాడు,” అన్నాడు కెప్టెన్ వేడ్ టామ్‌చుక్, స్కేటు తాడు బిగిస్తూ. “మొదట్లోనే గ్లోవ్స్ తీస్తాడట. మర్యాదస్థుడే.”

వీళ్ళలో అదో మర్యాద. వెనక నుంచి కొట్టినవాడు మళ్ళీ ఎదురుపడిన రోజున గ్లోవ్స్ పారేసి మొహం అప్పగిస్తాడు. అవతలివాడు పిడికిళ్ళతో ఇచ్చుకుంటాడు. ఓ పన్ను రాలుతుంది. ఓ కనుబొమ చిట్లుతుంది. రిఫరీలు కాసేపు చూసి విడదీస్తారు. అయిపోయింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకే బల్ల దగ్గర బీరు తాగొచ్చు. ఏ ఆఫీసూ రాయని చట్టం. అందుకే అందరూ పాటిస్తారు.

“నేను తియ్యను,” అన్నాడు రెమీ.

“తల బాగోలేదు. సరే. నీ బదులు నేను వాయిస్తాను. నాకూ చేతులు దురదగానే ఉన్నాయి.”

“ఎవరూ వాయించొద్దు. వాణ్ణి ఎవరూ ముట్టుకోవద్దు.”

టేపు చుట్టే చప్పుడు ఆగింది.

“ఏంట్రా, వాడికి పిల్లనిస్తున్నావా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. రెమీ నవ్వలేదు.

“కొడితే చేసింది కడిగేసుకుంటాడు, వేడ్.”

“కడుక్కోనీరా. మనమందరం అలాగే కడుక్కున్నాం.”

“అందుకే ఈ కంపు.”

వేడ్ లేచి నిలబడ్డాడు. చెత్తబుట్టలో ఉమ్మేసి బయటికి నడిచాడు. మిగతావాళ్ళు వెనకే వెళ్ళారు. రెమీ భుజం ఎవరూ తట్టలేదు.

ఆట మొదలైంది.

పెల్కీ గ్లోవ్స్ మంచు మీద పడ్డాయి. చచ్చిన పక్షుల్లా. అతను ఉత్త చేతులతో నిలబడ్డాడు. హెల్మెట్ కూడా తీసేశాడు. బట్టతల మీద దీపాల వెలుగు. చేతులు కిందికి దించి, గడ్డం ముందుకు పెట్టాడు.

రెమీ పక్క నుంచి జారిపోయాడు.

సొంత ఊరు అతన్ని ఛీకొట్టింది.

“లాకాస్! గ్లోవ్స్‌కి జిగురు పెట్టావా?”

“మీ ఆవిడని పంపించు, ఆవిడ తీస్తుంది!”

రిఫరీ పెల్కీని మంచు పక్కనున్న శిక్షపెట్టెలో కాసేపు కూర్చోబెట్టాడు. శిక్ష ముగిశాక పెల్కీ తిరిగొచ్చాడు. మళ్ళీ రెమీ పక్కకే వచ్చాడు. పక్ పడటం కోసం ఇద్దరూ వంగి ఉన్నారు. ఊపిర్లు కలిసి పొగలవుతున్నాయి.

“కొట్టరా బాబూ. అడ్డం పెట్టను.”

“నీ మొహం నాకెందుకు?”

“ఆ రోజు నువ్వు ఆఖరి క్షణంలో తిరిగావు. దేవుడి తోడు.”

“ఈ మాట టై కట్టినాయనకి చెప్పావుగా.”

“నీ చేత్తో ఒక్కటి తింటే నాకు నిద్ర పడుతుందిరా.”

“పట్టకూడదు.”

పక్ పడింది.

పెల్కీని ఎవరూ ముట్టుకోలేదు. వేడ్ కూడా. కోపంగానే, పళ్ళు నూరుతూనే, రెమీ మాట నిలబెట్టారు. పెల్కీ గోడ దగ్గరికి వెళితే గోడ ఖాళీ. మధ్యకు వస్తే మధ్య ఖాళీ. కావాలని ఒకడికి అడ్డం వెళ్ళాడు. వాడు తప్పుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా గుద్దుతూ, గుద్దించుకుంటూ బతికినవాడు. ఒంటి మీద ఇంకో ఒళ్ళు తగలకపోతే తను ఉన్నాడో లేడో తెలియనివాడు. అతని చుట్టూ తెల్లటి ఖాళీ పెరిగింది. సరస్సు నడుమ వదిలేసిన గుడిసెలా నిలబడ్డాడు.

మొదట బతిమాలాడు. తర్వాత బూతులు తిట్టాడు.

“మనిషివేనట్రా నువ్వు? శవానివా?”

మూడో పీరియడ్‌కి అతని కళ్ళు మారాయి. పశ్చాత్తాపం ఎండిపోయింది. అడుగున ఉన్నది బయటపడింది. డిసెంబరులో పరుగు తీసిన కళ్ళు.

రెమీ ఆ కళ్ళ కోసమే వచ్చాడు.

ఆట సమానంగా ఉంది. చివరి నిమిషం. పక్ గోడకు తగిలి, తిరిగి తిరిగి, మూలకు చేరింది. అందరికంటే రెమీ దగ్గర.

మూలకు ఎలా వెళ్ళాలో అతనికి తెలుసు. ఏటవాలుగా వెళ్ళాలి. భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూడాలి. గోడకు పక్క ఇవ్వాలి, నుదురు ఇవ్వకూడదు. కాళ్ళకు తెలుసు. మెడకు తెలుసు. ఆలోచించక్కర్లేదు.

ఆలోచించాడు.

నేరుగా వెళ్ళాడు. అద్దానికి మొహం పెట్టి వంగాడు. వీపు పూర్తిగా ఇచ్చాడు.

చదువుకో. పందొమ్మిది. పెద్దగానే రాశారు.

అద్దం అవతల ఒక ముసలావిడ డోనట్ కొరకబోయి ఆగింది. ఆమె చూపు అతని మీద లేదు. అతని భుజం మీదుగా, వెనక ఎక్కడో ఉంది. ఆమె కనుపాపల్లో ఏదో పెద్దదవుతోంది. పక్ పాదాల మధ్యే ఉంది. దాన్ని అతను తాకలేదు.

ఇంకా తిరగొచ్చు. ఒక్క భుజం తిప్పితే చాలు. మెడ నరం ఒకటి, అతన్ని అడక్కుండానే, కదలబోయింది...

పళ్ళు బిగించి ఆపాడు. ఆపాడో, ఆపాననుకున్నాడో.

వెనక స్కేటు ఉక్కు మంచును గీసింది.

ఆగడానికి గీసినా, దూకడానికి గీసినా — మొదటి క్షణంలో ఆ చప్పుడు ఒకటే.

అద్దం మీద అతని ఊపిరి ఆవిరిగా పరుచుకుని, ముసలావిడను చెరిపేసింది. ఏమీ కనబడటం లేదు. తెరుచుకున్న నోట్లోకి చలి వచ్చింది.

నాలుక మీద... ఇంకా ఏ రుచీ లేదు.