ఒంటిసూది కుట్టు

చివరి రౌండ్ మలుపులో ఆరాధన కుడి బూటు పక్కకుట్టు విడిపోయింది. కాలు బయటికి జారి ఆమె మోకాళ్ళ మీద పడింది. లేచింది. బూటు విదిలించేసి, ఒక కాలికి బూటు, ఒక కాలికి మట్టితో పరుగెత్తింది. గీత దాటేసరికి విజిల్ మోగిపోయింది.

గుంటూరులో కానిస్టేబుల్ సెలక్షన్ పరుగు అది. వచ్చేసారికి ఆమెకు వయసు దాటిపోతుంది.

ఆ బూట్లు కుట్టింది ఆమె తల్లి పున్నమ్మ. నడుము పడిపోయి మంచం పట్టినా పున్నమ్మ చేతుల్లో పట్టు తగ్గలేదు. గుంటూరు నుంచి పని ఇచ్చే మేస్త్రీ అస్లాం గోతాల్లో స్కూలు బూట్లు తెచ్చి దించితే, మిషన్ కుట్టు మీద మైనం దారంతో చేతికుట్టు వేసి గట్టి చేసేది. ఒకే దారం, రెండు కొసలకూ రెండు సూదులు. ప్రతి చిల్లులోంచీ అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి. ఎక్కడైనా తెగినా పక్క కుట్టు పట్టుకుంటుంది. పున్నమ్మ కుట్టు విడిపోయిందన్న మాట పర్చూరు చుట్టుపక్కల ఎవరూ వినలేదు.

ఆరాధన కొత్త బూట్లు కొంటానంటే వద్దన్నది కూడా తల్లే. కొత్తవి కాలు కరుస్తాయి, పాతవే కుట్టు విప్పి, మళ్ళీ కుట్టి ఇనుములా చేసిస్తానంది. పాస్టరు గారిని ఇంటికి పిలిపించి, బూట్ల మీద హాల్‌టికెట్ పెట్టించి ప్రార్థన చేయించింది. ఆమెన్ అందరికంటే గట్టిగా తనే అంది.

తిరుగు బస్సులో ఆరాధన బూట్లు ఒళ్ళో పెట్టుకుంది. దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. బస్సంతా తుమ్ములు. ఎడమ బూటుకు రెండు సూదుల కుట్టు ఉంది. కుడి బూటుకు ఒంటిసూది కుట్టు. కొసన ముడి లేదు. ముడి ఉండాల్సిన చోట, లేదని కనపడకుండా మైనం అద్ది ఉంది. మిగిలిన దారం కొస పట్టి కాస్త లాగింది. మిర్చి బస్తా మూతి దారంలా జారి వచ్చింది.

ఇంటికొచ్చి ఆ బూటు తల్లి మంచం మీద పెట్టింది.

"దీన్ని ఎన్ని సూదులతో కుట్టావమ్మా?"

"రెండోది కనపళ్ళేదే. కళ్ళు ఆనట్లేదు."

ఆరాధన తలగడ గలీబు అంచు తిప్పింది. రెండో సూది ఎప్పుడూ ఉండే చోటే గుచ్చి ఉంది.

"ఎడమదానికి ఆనినయ్యే."

పున్నమ్మ ఇక దాచలేదు. "నువ్వు ట్రైనింగ్‌కి పోతే నన్ను పక్కకి తిప్పేదెవరే?"

"మనిషిని పెడతానని చెప్పాగా."

"పెట్టిన మనిషి కూతురవుద్దా?"

ఆరాధన తల్లికి నీళ్ళు పోసి, చీర మార్చి, పక్కకి తిప్పి పడుకోబెట్టింది.

పొద్దున్నే అస్లాం మోపెడ్ మీద కొత్త గోతం తెచ్చాడు. ఆరాధన అతన్ని గుమ్మం బయటే ఆపి, కుడి బూటు చేతికిచ్చి, లోపలికి వినపడేలా చెప్పింది.

"ఇది మా అమ్మ కుట్టే అస్లాం గారూ. నిన్న పరుగులో విడిపోయింది. చెయ్యి పడిపోయినట్టుంది."

అస్లాం మిగిలిన దారం లాగి చూశాడు. మొత్తం ఊడి చేతికొచ్చింది. స్కూలు పిల్లల కాళ్ళు, తన మీదికి మాటొస్తుందని గొణిగాడు.

లోపలి నుంచి పున్నమ్మ అరిచింది. "నా చేతికేం కాలేదు నాయనా! అది నేను కావాలనే..."

అక్కడ ఆగిపోయింది.

ఆ మాట పూర్తి కాలేదు. అస్లాం కొత్త గోతం దించకుండానే, ఇంట్లో ఉన్న పాత గోతం కూడా మోపెడ్‌కి కట్టుకుని వెళ్ళిపోయాడు. ఈ ఊళ్ళో చేతిపట్టు పోయినవాళ్ళకి మళ్ళీ పని ఇచ్చిన మేస్త్రీ లేడు.

ఆరాధన సూదులు, మైనం, దబ్బనం డబ్బాలో పెట్టి అటక మీదికి నెట్టింది.

మధ్యాహ్నం జావ కాచి తెచ్చింది. పున్నమ్మ గిన్నె కోసం రెండు చేతులూ చాపింది. ఆ చేతుల్లో వణుకు లేదు. ఆరాధన వాటిని మెల్లగా పక్క మీదికి దించి, పైన దుప్పటి కప్పింది.

"చేతులతో పనేముందమ్మా? నేనున్నాగా. నోరు తెరువు."

స్పూను పెదవుల దగ్గర ఆగి ఉంది. పున్నమ్మ నోరు తెరిచింది.