తెరచాప అంచు కింద

నేను ఒక తెరచాపను. పడవ ముక్కు దగ్గర కట్టే ముందు చాపను. భీమిలి రేవులో దావూద్ సాయిబు నన్ను కుడుతున్నప్పుడు, నా కింది అంచు పడవ చెక్కల్ని రాసుకునేంత కిందికి దిగాల్సిందేనని మా యజమాని జోగారావు గారు పట్టుబట్టారు. ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషి. సొంత పడవ మీద తీరం వెంట ఊళ్లు తిరగాలని ఆయన సరదా.

"అంచు ఎంత దిగితే అంత గాలి పడతాది బాబూ. కానీ అటేపు ఏటుందో మీకు అగుపడదు," అన్నాడు సాయిబు.

"సముద్రంలో చూడ్డానికి ఏముంటుందయ్యా, నీళ్లు తప్ప!" అని నవ్వేశారు జోగారావు గారు. మనుషులు ఇంతే. కళ్లకు అడ్డంగా గోడ కట్టుకుని, వేగం పెరిగిందని మురిసిపోతారు. ఆ గోడను నేనే కాబట్టి నేనూ తక్కువేం మురిసిపోలేదు.

నన్ను పడవకు కట్టిన మూడో నెలలో ఒక మధ్యాహ్నం, నిండా గాలితో పోతుండగా పడవ దేన్నో గుద్దింది. వెనక్కి తిరిగి చూస్తే విడిపోయిన తెప్ప దుంగలు, ఒక తెడ్డు, తెడ్డుకి కట్టిన ఎర్ర గుడ్డ. మనిషి లేడు. జోగారావు గారు గంటసేపు అక్కడక్కడే తిరిగి, ఒడ్డుకొచ్చి, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏడాది పాటు పడవ ఎక్కలేదు.

తర్వాత ఒకరోజు సాయిబును పిలిచి, "దీని అంచు ఎత్తుగా కోసెయ్యాలి. కిందనుంచి నాకు అవతలంతా కనపడాలి," అన్నారు. ఎందుకని సాయిబు అడగలేదు. నాకు మాత్రం ఉక్రోషం వచ్చింది. తప్పు ఇద్దరిదైతే కత్తెర నాకొక్కదానికేనా?

ఎంత ఎత్తాలో తేల్చడానికి సాయిబుకు ఒక పద్ధతి ఉంది. ఒడ్డుకు దగ్గర్లో పడవకు లంగరేసి, చాప ఎత్తి, అది అడ్డొచ్చే వైపు తెప్ప మీద ఒక మనిషిని నిలబెడతాడు. చుక్కాని దగ్గర యజమాని కూచుంటాడు. సాయిబు అంచును కొంచెం కొంచెంగా పైకి మడిచి పిన్నులు గుచ్చుతూ పోతాడు. తెప్ప మీది మనిషి నిండుగా కనపడ్డ చోట బొగ్గుతో గీత గీస్తాడు. కోత అక్కడే.

ఆ పొద్దున గాలి లేదు. తెప్ప మీద నిలబడాల్సింది సాయిబు దగ్గర పనిచేసే కాసులు. నేను కదలకుండా వేలాడుతున్నాను. సాయిబు నాకు ఇవతల మోకాళ్ల మీద కూచుని మొదటి మడత వేశాడు.

"అగుపడ్డాడా బాబూ?"

"దుంగలు కనపడుతున్నాయి."

ఇంకో మడత. "ఇప్పుడో?"

"కాళ్లు. పంచె తడిసిపోయి ఉంది."

మూడో మడతకి జోగారావు గారు చుక్కానిని గట్టిగా పట్టుకున్నారు. "చెయ్యి... చేతిలో తెడ్డు. దానికేదో ఎర్రగా..." సాయిబు నాలుగో మడతకి చెయ్యి చాపగానే, "వద్దు, చాలు! మొహం అక్కర్లేదు!" అని అరిచారు.

సాయిబు గీత గీసి, నా పక్కనుంచి అవతలికి తొంగిచూశాడు. తర్వాత ఒడ్డు వైపు చూశాడు.

"బాబూ, మా కాసులు ఇంకా ఒడ్డు మీదే తెప్ప కట్టుకుంటన్నాడు. అటేపు ఒట్టి నీళ్లే. మీరు ఎవుణ్ణి సూసి సెప్పారు?"

నాకు రెండు వైపులా మొహమే. అవతల నిలబడ్డ మనిషిని నేనూ చూశాను. మొదట దూరంగా ఉన్నాడు. మడత మడతకీ దగ్గరకొచ్చాడు. మూడో మడతకి నా గుడ్డకు చెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమే.

జోగారావు గారు ఏడాదిగా దాచుకున్నది బయటపెట్టేశారు.

"తెడ్డుకి ఎర్రగుడ్డంటే మా ఎల్లాజీ అయ్యుంటాడు," అన్నాడు సాయిబు. "ఆడి పెళ్లాం కొర్లమ్మ మా పేటలోనే ఉంది. శవం దొరకనేదని ఇప్పటికీ దినం సెయ్యనేదు. నాకు గాదు బాబూ, దానికి సెప్పండి."

ఏడాదిగా ఆయన భయపడుతున్నదల్లా ఆ ఒక్క పనికే.

నన్ను దించి ఇసక మీద పరిచారు. కబురందుకుని కొర్లమ్మ వచ్చి నా పక్కన కూచుంది. జోగారావు గారు నిలబడే చెప్పారు. చాప అడ్డమొచ్చిందనీ, మనిషి కనపడలేదనీ, అందుకే ఇప్పుడు కోయిస్తున్నాననీ నన్ను చూపించి చూపించి చెప్పారు. ఆమె అంతా విని, బొగ్గుగీతను వేలితో తడిమింది.

"అగుపడనేదు. సరే బాబూ. ఆడు అరవనేదా?"

ఆయన సముద్రం వైపు తిరిగారు.

"మావోడి గొంతు పెద్దది. అరిశుంటాడు. ఇనపడనేదా?"

"వినపడింది," అన్నారు జోగారావు గారు.

"ఏటని?"

"'బాబూ, నానిక్కడున్నాను' అని. రెండుసార్లు."

"మరి?"

ఆయన తలెత్తలేదు. "అప్పుడు గాలి బాగా పట్టింది," అన్నారు.

సాయిబు కత్తెరను సంచిలో పెట్టేశాడు. కొర్లమ్మ లేచి పోలీసు ఠాణా వైపు నడిచింది. జోగారావు గారు ఆమె వెనకాలే వెళ్లారు. నన్ను ఎవరూ కోయలేదు. సాయిబు కొట్టులో ఒక మూల చుట్ట చుట్టి పడేశారు.

ఆ పిలుపు ఆయనకంటే ముందు నేను విన్నాను. విని, ఇంకాస్త గాలి పోసుకున్నాను.