చిరిగిన రేకులు

తిట్లకు జడిసి పదమూడేళ్ల వాణి తల్లికి ఏదీ చెప్పడం మానేసింది. అందుకే పద్మశ్రీ, పూతరేకుల పని ఒక పూట ఆపుకుని, బడిలో తల్లిదండ్రులకు పెట్టిన శిక్షణకు వెళ్లింది. "ముందు పిల్లల్లో ఒక మంచి చూడండి, తర్వాతే మాట్లాడండి" అని మేడమ్ మూడు గంటలు చెప్పింది. పద్మశ్రీ అన్నింటికీ ఆయ్ అంది.

కాళ్లు పీకుతుండగా ఆటో దిగి ఇంట్లోకి వచ్చేసరికి రేకుల కుండ ముందు వాణి బిక్కచచ్చి కూర్చుని ఉంది. చేటలో ఉన్న రేకుల్లో చిరగనిది ఒక్కటీ లేదు. రేపటి ఆర్డరుకని రుబ్బిన పిండి సగం అయిపోయింది.

నోటిదాకా వచ్చింది మింగి, పద్మశ్రీ మంచి కోసం వెతికింది. చాలాసేపే వెతికింది.

"కుండ పగలగొట్టలేదు. బాగుందే అమ్మలూ."

వాణి హడలిపోయింది. "ఒంట్లో బాలేదా అమ్మా?"

"బానే ఉంది. నేను మొదట తీసినప్పుడు ఈపాటి కూడా రాలేదు. ఆ పంచదారా నెయ్యీ ఇలా తే."

చెరో చిరిగిన రేకు తిన్నారు. వాణి మెల్లగా లేచి, మంచం కింద నుంచి ఒక గంప లాగింది.

"మరేమో... ఇంకా ఉన్నాయమ్మా."

మేడమ్ గంప సంగతి చెప్పలేదు. అడక్కుండానే పిల్ల చూపించింది కదా అనుకుని, పద్మశ్రీ నిట్టూర్చి నెయ్యి గిన్నె దగ్గరికి లాక్కుంది.