హన్నమ్మ నింపిన సీసా

దయాసాగర్ అనే ఆ కుర్రాడు కలిగిరి నుంచి సైకిలు తొక్కుకుంటూ పాలేనికి రావడం మొదలుపెట్టిన నాటి నుంచీ హన్నమ్మకు అనుమానమే. ఉత్తపుణ్యానికి ఇంత ఎండన పడి వచ్చి, చేతులు ఎలా కడుక్కోవాలో చెప్పిపోయేవాడు ఎక్కడైనా ఉంటాడా? చర్చి ముందు అతను బొమ్మల అట్టలు పెట్టి మరుగుదొడ్లు, ఈగలు, సబ్బు అంటూ చెబుతుంటే అందరూ బొమ్మలు చూశారు. హన్నమ్మ మాత్రం అతని సంచీనే చూసింది.

మూడోసారి ఆ సంచీలోంచి వేలెడంత గాజు సీసా తీశాడు. అడుగున మందు పూసిన కాగితం ముక్క ఉంది.

"దీంట్లో బోరింగు నీళ్లు పట్టి పెట్టండి. రెండ్రోజులకు నల్లగా మారితే ఆ నీళ్లలో మలం కలిసినట్టే. నేను పడితే మీరు నమ్మరు. అవ్వా, నువ్వే పట్టు" అని సీసా ఆమె చేతిలో పెట్టాడు.

హన్నమ్మకు పక్క ఊరి బోరింగు గుర్తొచ్చింది. కిందటేడు అక్కడ ఇలాగే ఎవరో నీళ్లు పట్టుకెళ్లారు. నెల తిరక్కుండా నీళ్ల ఆఫీసు వాళ్లొచ్చి, తాగకూడదని బోరింగుకు ఎర్రరంగు పూసి, పిడి ఊడదీసుకుపోయారు. ఈ బోరింగు రాకముందు పాలెం ఆడవాళ్లు మైలు దూరం నడిచి, రైతు వెంకటరమణయ్య మోటారు దగ్గర బిందెలు దించి, ఆయన మనిషి ఎప్పుడు పోస్తే అప్పుడు పట్టుకునేవాళ్లు. హన్నమ్మ అలా ఇరవై ఏళ్లు నిలబడింది. ప్రాణం పోయినా మళ్లీ నిలబడదు.

అందుకే బోరింగు వైపే పోలేదు. ఇంట్లో తన కడవ మూత తీసింది. రోజూ బూడిదతో తోమే కడవ, నాలుగు మడతల గుడ్డలో వడగట్టిన నీళ్లు. పాలెంలో ఇంత శుభ్రం ఇంకెవరింట్లో ఉంది? మణికట్టు దాకా చెయ్యి దించి, గ్లాసు ముంచి, సీసా నింపింది. ఇప్పుడు ఎలా నల్లబడుతుందో చూద్దామనుకుంది.

మూడోనాడు దయాసాగర్ ఆ సీసా అందరి ముందూ పైకెత్తాడు. తారులా నల్లగా ఉంది.

"ఇంకేముండాది, బోరింగు మూసేస్తారు" అన్నాడు కొండలయ్య.

"ఈ నీళ్లు ఎవరూ తాగబాకండి. నేను ఆఫీసులో చెప్తాను" అన్నాడు దయాసాగర్.

హన్నమ్మ ఆ నల్లటి సీసా వంకే చూసింది. చెబితే తన పరువు పోతుంది, చెప్పకపోతే బోరింగు పోతుంది. ఎదురుగా మనవరాలు షైనీ కోడలి భుజాన వాలిపోయి ఉంది. నెలలో ఇది మూడోసారి విరేచనాలు పట్టుకోవడం. ఆ పిల్లకు రోజూ నీళ్లు ముంచి తాగించేది హన్నమ్మే.

లేచి నిలబడింది.

"అబ్బయ్యా, అవి బోరింగు నీళ్లు కాదు. మా కడవలోవి. నేనే మార్చినాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. దయాసాగర్ మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. ఇంకో సీసా తీసి, అందరూ చూస్తుండగా బోరింగు కొట్టి నింపాడు.

"కడవలో గ్లాసు ఎట్టా ముంచుతావు అవ్వా?" అని మెల్లగా అడిగాడు. హన్నమ్మ చేతులు కొంగులో దాచుకుంది.

రెండ్రోజులకు ఆ సీసాలో నీళ్లు తేటగానే ఉన్నాయి. బోరింగు నిలిచింది. పాలెమంతా ఊపిరి పీల్చుకుంది.

హన్నమ్మ ఇంటికొచ్చేసరికి "అవ్వా, నీళ్లు" అంది షైనీ. అలవాటు కొద్దీ కడవ మూత తీసి, గ్లాసు పట్టుకుని చెయ్యి దించబోయి ఆగిపోయింది. ఇన్నాళ్లూ వచ్చినోళ్లనీ పోయినోళ్లనీ అనుమానించింది గానీ, ఈ చేతిని ఒక్కనాడూ అనుమానించలేదు. గ్లాసు పక్కన పెట్టేసింది.

"సబ్బుబిళ్ల ఏడ పెట్టినావే?" అని కోడల్ని కేకేసింది.