పెదవులు కదిపితే చాలన్నారు

నేసిన గుడ్డ నూనె మరకలతో వెనక్కి వస్తే, మగ్గానికి ఆ నూనె ఎవరు పోశారని అడగాలి. మా మరమగ్గాల షెడ్డు ఓనరు ఆ ఒక్క మాటా అడగలేదు. ఆ మగ్గం మీద పనిచేసేది నా చెల్లెలు కాబట్టి తప్పు దానిదేనని మేస్త్రీ చెప్పాడు, ఓనరు దాన్ని ఇంటికి పంపేశాడు. ఆ మేస్త్రీ పరాయివాడైనా బాగుండేది. మా సొంత బాబాయి, మా ఇద్దరికీ పని నేర్పినవాడు. "నూనె డబ్బా నేను ముట్టనే లేదక్కా" అని చెల్లెలు మొత్తుకుంది. ఎవరు వింటారు? బాబాయి పుణ్యమా అని కబురు పక్క షెడ్లకీ పాకింది. గుడ్డ పాడుచేసే పిల్ల అని దాన్ని ఎవరూ గుమ్మం కూడా ఎక్కనివ్వలేదు. దానికి మగ్గం తప్ప వేరే పని రాదు.

మేమంతా మూతులు ముడుచుకుని పనిచేస్తున్నామని ఓనరు కనిపెట్టాడు. మాకు కోపం ఎక్కువైందట. ఎందుకొచ్చిందో కనుక్కోవడం కష్టం కాబోలు, కోపం తీసేసే మనిషిని పట్టుకొచ్చాడు. తెల్లబట్టలు, నున్నటి గొంతు, సగం మూసిన కళ్లు. ఆ మహానుభావుడికి మేం ఊపిరి మాస్టారని పేరు పెట్టుకున్నాం.

మగ్గాలన్నీ ఆపించి మమ్మల్ని నేల మీద కూర్చోబెట్టాడు. ఓనరు మాత్రం కుర్చీలోనే. ఊపిరి పీల్చమంటే పీల్చాం, వదలమంటే వదిలాం. పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనే, ఆయన కొత్తగా నేర్పుతుంటే ముచ్చటేసింది. ఛాతీ మీద చెయ్యి వేసుకుని బరువు ఎక్కడుందో చూడమన్నాడు. నా బరువు ఎక్కడుందో నాకు బాగా తెలుసు. బాబాయి రూపంలో ఎదురుగా మఠం వేసుకుని కూర్చుని, బుద్ధిగా ఊపిరి పీలుస్తోంది.

"ఇప్పుడు కళ్లు మూసుకోండి. మీ మనసులో నలిగేదేదైనా సరే, ఆ మనిషి ఎదురుగా ఉన్నట్టు చెప్పేయండి. గొంతు వద్దు, పెదవులు కదిపితే చాలు. ఎవరికీ వినపడదు. చెప్పేసి, ఊపిరితో పాటు వదిలెయ్యండి" అన్నాడు మాస్టారు.

ఎవరికీ వినపడదట! మగ్గాలు ఆడుతుంటే పక్కన పిడుగు పడ్డా వినపడని చోటు మాది. నూలు తెగిందన్నా, ఇంట్లో అత్త తిట్టిందన్నా, ఈ చివర నుంచి ఆ చివరకు పెదవులతోనే చెప్పుకుంటాం. మా దగ్గర గొంతుతో చెప్పింది దాగుతుంది గానీ పెదవి కదిపితే ఊరంతా చాటినట్టే. మాస్టారికి తెలీదు, పోనీ పాపం. బుద్ధెరిగినప్పటి నుంచీ మగ్గాల మధ్యే బతికిన మా బాబాయికేమైంది? అందరం కళ్లు మూసుకున్నామనుకున్నాడు. చెప్పగానే కళ్లు మూసుకునే రకం కాదు నేను.

బాబాయి పెదవులు కదిలాయి. నా చెల్లెల్ని ముద్దుపేరుతోనే పిలిచాడు. "చిన్నీ, నూనె పోసింది నేనేనే. తుడవడం మరిచిపోయా. నా పని ఎక్కడ పోతుందోనని నీ పేరు చెప్పా. ఇక వదిలేస్తున్నా."

కళ్లు తెరిచాడు. మొహం కడిగినట్టు తేటపడింది. "భలే తేలికైంది మాస్టారూ" అన్నాడు పైకి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

లేచి నిలబడ్డాను. "బాబాయ్, ఇందాక పెదాలతో అన్నది ఇప్పుడు గొంతుతో అను. ఓనరు గారికి మన పెదాలు చదవడం రాదు."

"ఏంటమ్మా నువ్వనేది" అని నీళ్లు నమిలాడు.

"మేమూ చూశాంలే, చెప్పెయ్యి" అంది వెనక నుంచి నూలు కండెలు చుట్టే పెద్దమ్మ, కూర్చున్న చోటు నుంచి కదలకుండానే. షెడ్డు మొత్తంలో కళ్లు మూసుకున్నది బాబాయి, మాస్టారు, ఓనరు మాత్రమేనని అప్పుడు తెలిసింది.

"వదిలేసినదాన్ని మళ్లీ పట్టుకోకూడదమ్మా" అని మాస్టారు అడ్డొచ్చాడు.

"మీరు ఊపిరి పీల్చుకోండి మాస్టారూ" అన్నాను.

ఒక్కరూ మగ్గం దగ్గరికి కదల్లేదు. ఓనరు మా మొహాలు చూసి, చివరికి బాబాయి వైపు తిరిగాడు. బాబాయి చెప్పాడు. పెదవులతో గడగడా చెప్పినవాడికి గొంతుతో ఒక్కో మాటా పెగలడమే గగనమైంది.

చెల్లెలికి కబురు పెడితే వచ్చింది. "జరిగిందేదో జరిగింది, రేపట్నించి పనిలోకి రా" అన్నాడు ఓనరు. మాస్టారు ఇంకా పోలేదు. "నువ్వు కూడా బాబాయి మీద కోపం వదిలెయ్యి తల్లీ. నీకే మంచిది" అన్నాడు.

చెల్లెలు ఆయన్ని ఎగాదిగా చూసింది. "కోపం ఉండనివ్వండి, దాంతో పనుంది" అని బాబాయి వైపు తిరిగింది. "పద బాబాయ్. ఏయే షెడ్డులో నా పేరు చెప్పావో అన్నిట్లోకీ పోదాం. ఇక్కడ చెప్పినట్టే అక్కడా చెబుదువు గాని."

"వాళ్లందరి ముందూనా? నా పరువు పోతుందే" అన్నాడు బాబాయి.

"నాది పోలా?" అంది.

అది ముందు నడిచింది. బాబాయి తల దించుకుని వెనకాలే నడిచాడు. చూస్తే నాకు జాలి వేయలేదు. వేయనందుకు హాయిగా ఉంది.